వెంకటనర్సమ్మ పైసల చదువు

వెంకటనర్సమ్మ మా నాయినమ్మకు సొంత చెల్లె. కేసముద్రం టేషన్ నుంచి పొద్దున బయలుదేరితే అంబలి వేళకు చేరుకునేంత దూరంలో మా ఊరు. ఆ ఊళ్లో పైసల సంగతి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆమె దగ్గరికే పోయేవారు. ఆమెకు చదువు రాదు. లెక్కలు కూడా అంతంత మాత్రమే. తన మేకలు ఎన్ని అంటే చెప్పలేక, నల్లది, చెవుల మచ్చది, కుంటిది అని వర్ణించేది. పైసలైతే ఆమె దగ్గర అసలే లేవు. ఆమె దగ్గరికే ఎందుకు పోయేవారో తెలియాలంటే ఆమె మగని చావు నుంచి మొదలుపెట్టాలి.

మగని పేరు సారయ్య. దొర గడిలో వెట్టి చేయలేక బొగ్గుబాయి పనికి పోయాడు. అక్కడే ఒకనాడు పైనుంచి బండ విరిగి మీద పడితే చనిపోయాడు. రెండు పంటలు గడిచాక, ఊరంతా ఆ సంగతి మరిచిపోయాక, బొగ్గుబాయి గుమస్తా ఒకాయన ఎడ్లబండి మీద వచ్చి ఆమెతో వేలిముద్ర వేయించుకుని మగని ప్రాణానికి నష్టపరిహారమని నాలుగు వందల రూపాయలు చేతిలో పెట్టిపోయాడు. నిజాం సర్కారు నోట్లు, హాలి సిక్క. మగడు బతికి ఉన్నన్నాళ్లు ఆమె పది రూపాయల నోటును దూరం నుంచి చూడడమే తప్ప ముట్టింది లేదు.

ఆ వారంలో ఊరికి ఆమె మీద ప్రేమ పుట్టింది. ఏనాడూ పేరుపెట్టి పిలవని పోలీసు పటేలు "ఏం నర్సమ్మా, పానం మంచిగున్నదా" అని గడప దాకా వచ్చాడు. భూమి కొనుమన్నాడు ఒకడు. ఆ భూమి తనదే. దేవునికి పందిరి వేయించుమన్నాడు ఇంకొకడు. ఆ దేవుని పూజారి అతని బామ్మర్ది. మళ్లీ పెండ్లి చేసుకోమన్న ముసలాయన ఒకడు వరుణ్ని కూడా తానే తెచ్చాడు. వరుడు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

వెంకటనర్సమ్మ అందరికీ మంచినీళ్లు ఇచ్చి పంపించి, మా నాయినమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అక్కా, నాట్లేసుడు అమ్మ నేర్పింది. మేకలు కాసుడు బాపు నేర్పిండు. పైసలు దొరికితే ఏం జెయ్యాల్నో మనింట్ల ఎవ్వలు నేర్పలే."

"ఉంటె గద నేర్పుతందుకు" అంది మా నాయినమ్మ.

"గందుకే, ముందుగాల గా చదువు దొర్కనీ. అటెన్క పైసల సంగతి."

చదువు ఎక్కడ దొరుకుతుంది? ఈత నేర్చుకోవాలంటే ఈదేవాని దగ్గరికి పోవాలి. ఊళ్లో పైసలు ఉన్నవాడు సావుకారి రాజలింగం. ఆమె అతని దగ్గరికే పోయింది.

రాజలింగం నిజంగానే మంచి పంతులు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, ఓపికతో చెప్పాడు. ఇంట్లో దాచిన పైస కుండలో దాచిన పాలు లాంటిదన్నాడు. ఉంచితే విరుగుతుంది, తోడేస్తే పెరుగవుతుంది. వడ్డీ అంటే ఏమిటో, వడ్డీ మీద వడ్డీ ఎట్లా పుడుతుందో ఇసుకలో గీతలు గీసి చూపించాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఆ సంగతి ఆమె చివరి దాకా ఒప్పుకునేది.

"మరి నీ తాన పెడితె నాకెంత ఇస్తవు సావుకారీ?"

"నూటికి నెలకు అర్ధ రూపాయ."

"నువ్వు మందికి ఎంతకు ఇస్తున్నవు?"

రాజలింగం నవ్వాడు. "అది రెండో తరగతి పాఠం నర్సమ్మా. ముందు ఒకటోది కానీ."

ఆమె నూరు రూపాయలు ఇచ్చింది. అతను కాగితం రాసి, చదివి వినిపించి, దాన్ని తన సందుకలోనే పెట్టాడు. "నీది గడ్డి కొంప. అగ్గి పడితె కాగితం బూడిదైతది. నా తాన ఉంటె పదిలం" అన్నాడు. అది కూడా నిజమే అనిపించింది ఆమెకు.

ఆ మరుసటేడు మా దిక్కుకు దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది. జనగామ తాలూకాలో రాజుకున్నది మెల్లగా మానుకోట దాకా పాకింది. దొర గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. వెట్టి బంద్ అయింది. ఒకనాడు మధ్యాహ్నం సంఘం దళం ఊళ్లోకి వచ్చి, రాజలింగం సందుక చావిడి ముందుకు మోసుకొచ్చి, అందులోని అప్పు కాగితాలన్నీ కుప్పపోసి అగ్గిపెట్టింది. తాతల నాటి బాకీలు, నాగువడ్డీ కింద రాసిచ్చిన పొలాలు, పుట్టబోయే పిల్లల కష్టం, అన్నీ మంటలో పోయాయి. ఊరు ఊరంతా చేతులు పట్టుకుని చుట్టూ ఆడింది. వెంకటనర్సమ్మ అందరికంటే ఎక్కువ ఆడింది. పాట అందుకున్నది కూడా ఆమేనని మా నాయినమ్మ చెప్పేది.

తెల్లారి ఆమె సావుకారి ఇంటికి పోయింది.

"సావుకారీ, నా నూరు రూపాయలు?"

"ఏ నూరు?"

"నీ తాన పెట్టిన. కాగితం రాసినవు గద."

రాజలింగం నిదానంగా అన్నాడు. "కాగితం నిన్న మంటల పడ్డది. నువ్వు సుత ఆడితివి గదనే. అప్పులన్ని రద్దని సంఘపోల్లు చాటింపేసిండ్రు. మీరు నాకు ఇచ్చేది రద్దు, నేను మీకు ఇచ్చేది రద్దు. సంఘం మాట కాదంటె నన్ను బతకనిస్తరా?"

"నేను నీకు బాకి లేను గద."

"గదే నీ తక్దీర్ బాగలేక."

ఆ ఊళ్లో సంఘం ఆజ్ఞను అంత నిష్ఠగా పాటించినవాడు మరొకడు లేడు.

ఆమె కోపంతో దళం దగ్గరికి పోయింది. దళంలో చదువుకున్న కుర్రవాడు ఒకడు ఉండేవాడు. జనగామ దిక్కువాడని తప్ప అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరూ జనగామాయన అనేవారు. ఆమె చెప్పిందంతా విని అతను ఇరుకున పడ్డాడు. ఆమె బీదరాలు, అందులో అనుమానం లేదు. కానీ వడ్డీకి ఇచ్చింది.

"వడ్డి వస్తదని ఆశపడే ఇచ్చినవా అవ్వా?"

"ఆశపడకుంట ఎవలిస్తరు బిడ్డా?"

సావుకారి నుంచి ఆ నూరు వసూలు చేయించాలంటే వడ్డీ బాకీ ఒకటి చెల్లుతుందని సంఘమే ఒప్పుకోవాలి. ఒకటి చెల్లితే మిగతావి ఎందుకు చెల్లవని సావుకారి అడుగుతాడు. జనగామాయన తల గోక్కుని, సాయంత్రం పశువుల కొట్టంలో తాను చెప్పే తరగతికి రమ్మన్నాడు. పైసల గుట్టంతా అక్కడ చెప్తానన్నాడు.

ఆమె పోయింది. కష్టం ఎవరిది, మిగులు ఎవరి పాలవుతున్నది, దొర సందుక ఎట్లా నిండింది, అన్నీ చెప్పాడు. అందులోనూ అబద్ధం లేదు. రేపటి రాజ్యంలో ఒకరి దగ్గర పైసలు పోగుపడవని, అసలు వాటి అవసరమే ఉండదని కూడా చెప్పాడు. అందరూ లేచిపోయాక ఆమె అడిగింది.

"రేపటి రాజ్యం ఎప్పుడొస్తది?"

"తొందర్లనే వస్తది."

"అప్పటిదాక, నా తాన మిగిలిన పైసలు ఏం జెయ్యాలె?"

జనగామాయన దీపం వత్తి తగ్గించాడు. తర్వాత చిన్నగా, "నాకు తెల్వదు అవ్వా. మా ఇంట్ల పైసలన్ని మా నాయిన చూసుకునేటోడు. నేను ఎన్నడు ముట్టలే" అన్నాడు.

వెంకటనర్సమ్మకు అతని మీద గురి కుదిరింది. పైసలు చేతికి వచ్చిన నాటి నుంచి తనకు తెలియదని చెప్పిన మనిషిని ఆమె చూడడం అదే మొదటిసారి. యాభై రూపాయలు తెచ్చి సంఘానికి చందా ఇచ్చింది. అతను అడగలేదు. అడగకపోవడం కూడా ఆమెకు నచ్చింది. తీసుకున్నందుకు అతను రసీదు రాసి చేతికిచ్చాడు. పైసలు తీసుకుని కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చినవాడు కూడా అతనొక్కడే.

మిగిలిన పైసల్లో కొంత పెట్టి ఆమె మేకలు కొన్నది. మేకలు పిల్లలు పెడతాయి, దానికి కాగితం అక్కర్లేదు. ఆ ఎండాకాలమే రజాకార్లు ఊరి మీద పడి, మేకలన్నీ తోలుకుపోయి కోసుకుని తిన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె పెద్దగా బాధపడేది కాదు. "ఆళ్లు నాకు ఏ పాఠం చెప్పలే. ఊకనే తీస్కపోయిండ్రు" అనేది.

తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయిందని జనం పండుగ చేసుకున్నారు. ఆ పండుగ మా ఊళ్లో ఎన్నాళ్లో నిలవలేదు. రజాకార్ల కోసం వచ్చిన మిలిటరీ సంఘపోళ్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. దొర తిరిగి వచ్చి గడి తాళం తీశాడు. ఒకనాడు పొద్దున సిపాయిలు ఇల్లిల్లూ సోదా చేస్తూ మా వాడకు వచ్చారు. సంఘం కాగితం ముక్క దొరికితే చాలు, ఆ ఇంటివాళ్లను క్యాంపుకు పట్టుకుపోతున్నారు. పోయినవాళ్లు తిరిగి నడిచి రావడం తక్కువ.

వెంకటనర్సమ్మ దగ్గర రసీదు ఉంది. ఆమె దాన్ని ఎంతో పదిలంగా, చీర కొంగున ఆకూవక్కల సంచిలో దాచుకుంది. సిపాయి గుమ్మంలోకి రాగానే ఆమె తమలపాకు తీసి, సున్నం రాసి, వక్కతో పాటు రసీదును మడిచి నోట్లో పెట్టుకుంది. సిపాయి కుండలన్నీ బోర్లించాడు. పక్కనున్న దుబాసీతో ఏదో అడిగించాడు.

"ఏం నములుతున్నవే?"

"ఆకు."

సిపాయి తనకూ ఒకటి ఇమ్మన్నాడు. ఆమె ఇచ్చింది. అతను నములుతూ వెళ్లిపోయాడు. ఆమె రసీదును ఉమ్మడానికి భయపడి మింగింది. సరిగ్గా రాసిచ్చిన కాగితం ఒక్కటే ఆమె ప్రాణం మీదికి తెచ్చిందని మా నాయినమ్మ అంటే, ఆమె అడ్డుపడేది. "అట్లనకు. నేను ఖర్చువెట్టిన పైసలల్ల నా కడుపుల వడ్డది గదొక్కటే."

జనగామాయన అడవుల్లోకి పోయాడు. కాటారం అవతల, గోదావరి ఒడ్డున జరిగిన కాల్పుల్లో చనిపోయాడని ఏడాది తర్వాత విన్నారు. ఆ మాట విన్ననాడు ఆమె పొయ్యి వెలిగించలేదు.

ఆమె దగ్గర ఇంకా నూట యాభై రూపాయల లోపు హాలి నోట్లు ఉన్నాయి. రాజ్యం మారింది కాబట్టి పైసలు కూడా మారుతాయని పుకారు లేచింది. ఇంగ్లీషువాళ్ల నాటి నుంచి బయట నడిచే కల్దార్ రూపాయే ఇక ఇక్కడా నడుస్తుందన్నారు. కేసముద్రం గింజల బజారులో, కొత్తగా తెల్లటోపీ పెట్టుకున్న ఒకాయన కొట్టు తెరిచి కూర్చున్నాడు.

"నిజామే పోయిండు, ఇగ నిజాం నోటు ఏడికి చెల్లుతది? పొయ్యిల పెట్టుకునుడే. పాపమని నేను రెండు హాలికి ఒక కల్దార్ ఇస్తున్న. పైసల ఇలువ దెల్వకనే మనోళ్లు మునుగుతున్నరు" అని వచ్చినవాళ్లందరికీ బోధ చేస్తున్నాడు.

ఆ మాటల్లో జనం మీద జాలి కనిపించింది. జాలి చూస్తే ఆమె ఆగలేదు. ఉన్నదంతా ఇచ్చి సగం తెచ్చుకుంది. అక్కడి నుంచి నేరుగా టేషన్‌కు పోయి, మానుకోటకు పెండ్లి చేసిచ్చిన తన బిడ్డను చూడడానికి టికెట్ అడిగింది. కొత్త రూపాయి ఇచ్చింది. టికెట్ బాబు టికెట్ కొట్టి, మిగిలిన చిల్లర చేతిలో పోశాడు. అన్నీ హాలి పైసలే.

"గివి సచ్చిపోయినయంట గద అయ్యా?"

"ఎవడు చెప్పిండు? సర్కారు లెక్క ఏడు హాలికి ఆరు కల్దార్. ఇంక కొన్నేండ్లు నడుస్తయి" అన్నాడు టికెట్ బాబు, వెనుకవాణ్ని ముందుకు రమ్మంటూ.

ఆమె రైలు ఎక్కింది. మానుకోట వచ్చినా దిగలేదు. గార్ల దాకా పోయి, తిరుగు బండికి వచ్చింది. దిగడం మరిచిపోయానని చెప్పేది. దిగి బిడ్డకు ఏమని చెప్పాలో తోచలేదని మా నాయినమ్మ చెప్పేది.

అట్లా ఆమె చదువు పూర్తయింది. ఇక ఆమె బడి సంగతి.

తండా నుంచి నెయ్యి, కట్టెలు అమ్మడానికి వచ్చే రుక్కి ఆమెకు నేస్తురాలు. రుక్కి ఒంటి మీద తల్లి ఇచ్చిన వెండి ఉంది. కాళ్లకు కడియాలు, రవికకు కుట్టిన రూపాయి బిళ్లలు. ఒకనాడు రుక్కి కట్టెల మోపు దించి, అక్కడే కూలబడింది.

"అక్కా, మా ఇంటోడు అమర్‌సింగ్ ఊకుంట లేడు. మానుకోటల ఎవడో వెండి తీస్కొని కాగితం ఇస్తడంట. ఏడాదికి రెండింతలైతదంట. తండల అందరు ఇస్తున్నరు. ఇయ్యాల్నా వద్దా?"

"నాకు తెల్వదు రుక్కీ."

"నీకు తెల్వకుంటె ఎవలకు తెలుస్తది? నువ్వు మస్తు పైసలు చూసినదానివి."

"చూసిన. పోయేటప్పుడు సుత చూసిన. ఎట్ల పోయినయో చెప్తె ఇంటవా?"

చెప్పింది. పాలు పెరుగైన సంగతి నుంచి టికెట్ బాబు చిల్లర దాకా, ఎవరు ఏ మాట అన్నారో, ఆ మాట ఎందుకు నిజమనిపించిందో అంతా చెప్పింది. రుక్కి మోచేతి మీద ఆనుకుని విన్నది. వింటూ వింటూ నవ్వింది. లేచి పోయేటప్పుడు అడిగింది.

"గా మానుకోటాయన కాగితం ఇస్తడు. మరి ఆనికేం మిగుల్తది?"

"గది ఆన్నే అడుగు."

రుక్కి అడిగించింది. మానుకోటాయనకు కోపం వచ్చింది. కోపం ఎందుకు వచ్చిందో అర్థం కాక రుక్కి వెండి ఇవ్వలేదు. వానలు పడేలోపు అతను కొట్టు ఖాళీ చేసి పోయాడు. తండాలో ఆడవాళ్ల కాళ్లు బోసిపోయాయి. రుక్కి ఒక్కతే కడియాలు గలగలలాడిస్తూ నడిచేది, వెండి పోయినవాళ్ల ముందు అవి మోగకుండా జాగ్రత్తగా నడవడం కూడా నేర్చుకుంది.

అప్పటి నుంచి ఆమె ఇంటికి జనం రావడం మొదలైంది. కొడుకు పంపిన మనియార్డర్ పట్టుకుని యాదమ్మ వచ్చింది. తన చావు ఖర్చుకు దాచుకున్న ముప్పై రూపాయలు కొడుకు దగ్గర పెట్టాలా, కోడలి దగ్గర పెట్టాలా అని పెద్దులు తాత వచ్చాడు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు వచ్చారు, ముంతలో కానులు దాచుకునే బుడ్డపిల్లలు కూడా వచ్చారు. అందరికీ ఆమె మొదట చెప్పే మాట ఒక్కటే, తెల్వదని. తర్వాత తాను పోగొట్టుకున్న కథల్లో ఆ మనిషికి సరిపోయేది ఒకటి చెప్పేది. పెద్దులు తాత రజాకార్ల కథ విని, కొడుకును కోడలినీ పక్కనబెట్టి ఆ ముప్పై రూపాయలతో తానే ఊరందరికీ కల్లు పోయించి, బతికుండగానే తన దినాలు చేసుకున్నాడు. చాలా సంతోషంగా చేసుకున్నాడు. తర్వాత ఇంకో పదకొండేళ్లు బతికి, ఉత్త చేతులతో పోయాడు.

ఈ సంగతి రాజలింగం చెవిన పడింది. మిలిటరీ వచ్చాక అతను మళ్లీ కొట్టు తెరిచాడు కానీ, అతని దగ్గర పైసలు పెట్టడానికి ఎవరూ రావడం లేదు. ఒకనాడు అతనే ఆమె గడ్డి ఇంటికి వచ్చి, అరుగు లేదు కాబట్టి కింద కూర్చున్నాడు.

"నర్సమ్మా, మంది నీ మాట ఇంటున్నరు. రాజలింగం తాన పెడితె పదిలమని ఒక్క మాట చెప్పు. ఎవలు తెచ్చినా నూటికి రూపాయి నీది. గిదిగో, పది రూపాయలు ముందుగాల తీస్కో."

ఆమె తీసుకుంది. మాట తప్పే మనిషి కాదు. తెల్లారి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. "రాజలింగం తాన పెడితె పదిలమంట. గిట్ల చెప్పినందుకు ఆయన నాకు పది రూపాయలిచ్చిండు. మీరు పెడితె నూటికి ఇంకో రూపాయి ఇస్తడంట."

రాజలింగం ఉరుక్కుంటూ వచ్చాడు. "గది చెప్పమన్ననా నిన్ను?"

"చెప్పొద్దని సుత అనలే."

"పైసలన్న వాపస్ ఇయ్యి."

"కాగితం ఏది సావుకారీ?" అంది ఆమె.

అతను నవ్వాలో తిట్టాలో తెలియక, నీళ్లు తాగి పోయాడు. ఆ పది రూపాయలతో ఆమె రెండు మేకలు కొన్నది.

పోరాటం ఆగిపోయిన మరుసటేడు మానుకోట నుంచి ఇన్‌స్పెక్టర్ ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. పొదుపు గురించి, పరపతి గురించి జనానికి చెప్పి, ఊళ్లో సహకార సంఘం పెట్టించాలని సర్కారు పంపింది. చావిడి దగ్గర నిలబడి, "ఈ ఊళ్లో సంఘం పెడుతున్నాం, అందరూ చేరాలి" అని గట్టిగా అన్నాడు. అంతకు రెండేళ్ల కింద ఆ మాట నోటి నుంచి వచ్చినందుకు చింత బరిగెలతో వీపులు పగిలిన ఊరు అది. క్షణంలో చావిడి ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టర్ ఏం తప్పు మాట్లాడాడో తెలియక పరేషాన్‌గా చుట్టూ చూశాడు. ఎవరో దూరం నుంచి వెంకటనర్సమ్మ ఇల్లు చూపించారు.

ఆయన పొదుపు గురించి చెప్పిందంతా ఆమె మేకకు ఆకు వేస్తూ విన్నది.

"అయ్యా, సంఘం పెడితె నీకేం మిగుల్తది?"

"నాకేం లేదమ్మా. సర్కారు జీతం ఇస్తుంది."

"సంఘం మునిగితె?"

ఆయన నెమ్మదిగా, "అప్పుడు కూడా ఇస్తుంది" అన్నాడు.

ఆమెకు ఆ జవాబు బాగా నచ్చింది. బయటికి వచ్చి, వాకిలి ముందు జమైన వాళ్లతో చెప్పింది. "ఈయన అబద్ధం చెప్పలే. మునిగినా ఈయన జీతం ఈయనకొస్తదంట. పెట్టాల్నా వద్దా అంటె నాకు తెల్వదు. నేనైతె ఐదు రూపాయలు పెడుతున్న."

"తెల్వకుంట నువ్వెందుకు పెడుతున్నవే?" అని యాదమ్మ అడిగింది.

"మునిగితె, ఎట్ల మునిగిందో చెప్పేతందుకు ఒక్కలన్న ఉండాలె గద."

ఆ మాట మీద ఇరవై ఇళ్లవాళ్లు చేరారు. ఇన్‌స్పెక్టర్ ఆమెకు దండం పెట్టి సైకిల్ ఎక్కాడు.

ఆ సంఘం మునగలేదు. గొప్పగా తేలనూ లేదు. విత్తనాలకు అప్పు ఇచ్చేది, పంట రాగానే పట్టుకునేది, ఏడాదికోసారి ఆమె ఐదు రూపాయల మీద కొన్ని అణాలు వచ్చేవి. ఎవరూ జాలి పడలేదు, ఎవరూ బోధ చేయలేదు. ఆమె ప్రతి ఏడాదీ ఆ అణాలు అరచేతిలో పోసుకుని అటూ ఇటూ తిప్పి చూసేది. దాని గురించి చెప్పడానికి ఆమె దగ్గర కథ ఏమీ లేకపోయింది. వినేవాళ్లు కూడా మెల్లగా తగ్గిపోయారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమె వాకిట్లో ఊరికే కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి, "సంఘం మంచిగనే ఉన్నదా?" అని అడిగేది. మంచిగనే ఉన్నదవ్వా అని వాళ్లు చెప్పి పోయేవారు.